ఎండలు ముదిరేలోపే మీ పగ్‌ను సిద్ధం చేయండి

కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పినప్పుడు నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరై ఒంట్లోని వేడి తగ్గుతుంది. పగ్ జాతి కుక్కకి ఆ దారే ఇరుకు. మూతి నొక్కుకుపోయి ఉంటుంది, ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి, చాలావాటికి లోపలి మెత్తటి అంగిలి కూడా పొడవెక్కువై గాలికి అడ్డుపడుతుంది. గాలి కోసం పడే ఆ కష్టానికే ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది.

గురక పెడుతుంటే ముద్దుగా ఉందని వీడియోలు తీస్తాం గానీ, మెలకువలోనూ గురగురమంటున్నా, నాలుగడుగులకే కూలబడుతున్నా అది ముద్దు కాదు, ఊపిరాడని ఇబ్బంది. వేసవికి ముందే వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. ముక్కు రంధ్రాలు, అంగిలి సరిచేసే ఆపరేషన్లు ఉన్నాయి. మామూలుగా దాని ఊపిరి ఎలా వినిపిస్తుందో ఫోన్‌లో రికార్డు చేసి ఉంచుకుంటే, తేడా వచ్చిన రోజు వెంటనే తెలుస్తుంది.

బరువు కూడా చూడండి. పూర్తిగా ఎదిగిన పగ్ సుమారు 6 నుంచి 8 కిలోలుంటే చాలు. అది తిండి అడిగినప్పుడల్లా పెడితే మాత్రం ఆ లెక్కలో ఉండదు!

వాకింగ్ తెల్లవారుజామునే, అదీ కాసేపే. గాలిలో తేమ ఎక్కువుంటే ఎండ లేకున్నా ప్రమాదమే, ఎందుకంటే తడి ఆవిరవదు. మెడపట్టీకి బదులు హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వాడండి. జుట్టు గొరిగించొద్దు, దువ్వితే చాలు. మూతి ముడతలు తుడిచి పొడిగా ఉంచండి. ఫ్యాన్ గాలి నేరుగా కళ్లకు కొట్టనివ్వకండి, ఆ ఉబ్బుకళ్లు త్వరగా ఎండిపోతాయి. ఆపిన కారులో అయిదు నిమిషాలు కూడా వదలొద్దు.

చిగుళ్లు బాగా ఎర్రబడినా, నీలంగా మారినా, చొంగ చిక్కబడినా, తూలుతున్నా వడదెబ్బేమోనని అనుమానించాలి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, 104 దాటితే అత్యవసరమే. ముందు నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి, ఫ్యాన్ పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. నీళ్లు బలవంతంగా నోట్లో పోయొద్దు. దారిలోనూ చల్లబరుస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేచి తోకాడించినా సరే వెళ్లాల్సిందే, లోపలి అవయవాలకు జరిగిన నష్టం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు.