డబుల్ బాస్‌కు పేగు తీగలు: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేయాలి

స్టీల్ తీగలతో ఉన్న డబుల్ బాస్‌కు (వయొలిన్ తరహా వాయిద్యాల్లో అన్నిటికన్నా పెద్దది) గొర్రె పేగు తీగలు కట్టగానే మొదలయ్యే తంటాల్లో చాలావాటికి తప్పు తీగది కాదు. పేగు తీగ లావు ఎక్కువ, బిగువు తక్కువ. వాయిద్యం గాడులూ ఎత్తూ మాత్రం ఇంకా స్టీలుకు తగ్గట్టే ఉంటాయి. దీని నాలుగు తీగలు సన్నదాని నుంచి లావుదాని దాకా 'జి', 'డి', 'ఏ', 'ఇ'. స్టీల్ జి తీగ బిగువు సుమారు 28 కిలోలు ఉంటుంది. అదే శ్రుతికి, 105 సెం.మీ. పొడవు మీద, 2.1 మి.మీ. పేగు తీగ 19 కిలోల దగ్గరే ఆగుతుంది.

తీగ ఫింగర్‌బోర్డుకు తగిలి టపటపలాడుతోంది

బిగువు తగ్గితే తీగ ఎక్కువ వెడల్పుగా ఊగుతుంది. ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగ నొక్కే పొడవాటి పలక) చివర స్టీలుకు సరిపోయిన 5, 6 మి.మీ. ఎత్తు దీనికి చాలదు. జి కింద 9-10, ఇ కింద 13 మి.మీ. వచ్చేదాకా బ్రిడ్జి (తీగలను ఎత్తి పట్టే చెక్క) ఎత్తు మార్చే అడ్జస్టర్లను రెండు వైపులా కొద్దికొద్దిగా తిప్పండి. నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే మోత వస్తుంటే బ్రిడ్జి జోలికి పోవద్దు. నట్ (బిరడల వైపు తీగలు ఆనే చిన్న పట్టీ) గాడి మరీ లోతుగా ఉందన్నమాట.

నట్ దగ్గర తెగిపోతోంది

తెగిన కొసను వెలుతురులో చూడండి. వాడేసిన చీపురు పుల్లలా పీచు విచ్చుకుని ఉంటే గాడి కోసేసినట్టే. స్టీలుకు తీసిన సన్న గాడిలో లావు తీగ దిగదు, అంచుల మధ్య ఇరుక్కుంటుంది. బిరడ తిప్పిన ప్రతిసారీ ఆ అంచు కాస్త కాస్త కోస్తుంది. గుండ్రటి సన్న ఆకురాయితో గాడిని తీగ కంటే 0.2 మి.మీ. వెడల్పు చేయండి. లోతు తీగ మందంలో మూడో వంతు చాలు. అడుగు బిరడల వైపు వాలుగా ఉండాలి. 600 నంబరు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, 4బి పెన్సిల్ గీయండి. బ్రిడ్జి గాడులకూ ఇదే పని. డి తీగ 2.8 మి.మీ. ఉంటుంది కాబట్టి బిరడ రంధ్రం కనీసం 3 మి.మీ. ఉందో లేదో తీగ కొనకముందే కొలవండి.

ఏ మందం కొనాలో తెలియడం లేదు

కమాను కింద తీగ మెత్తగా జారిపోతూ గొంతు పలచబడితే తీగ మరీ సన్నదన్నమాట. బిగుసుకుపోయి, మీటగానే నాదం చచ్చిపోతుంటే మరీ లావుదన్నమాట. శ్రుతి మారకపోతే బిగువు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 2.0 నుంచి 2.1కి వెళ్తేనే పది శాతం తేడా. అందుకని ఒక్కసారికి 0.1 మి.మీ. మించి మార్చకండి.

నాలుగూ ఒట్టి పేగువే కావాలనుకుంటే లెక్క ఒకసారి చూడండి. అదే బిగువుకు 'ఏ' తీగ 3.7, 'ఇ' తీగ 5 మి.మీ. అవుతుంది. అంత లావు తీగ కమానుకు ఆలస్యంగా పలుకుతుంది, స్వరం మసకబారుతుంది. ఈ రెండింటికీ లోహపు చుట్టు ఉన్న పేగు తీగలే మేలు. జాజ్ వాద్యకారుడు చార్లీ హేడెన్ 'జి', 'డి' పేగువి, 'ఏ', 'ఇ' లోహపువి వాడేవారు. ఎక్కువగా మీటి వాయించేవారికి ఇది చక్కటి దారి.

పీచు లేస్తోంది

లాగకండి, లాగితే పొర ఊడుతుంది. నెయిల్‌కట్టర్‌తో మొదట్లో కత్తిరించి, వేలు నొక్కే చోట ఒక్క చుక్క బాదం నూనె రాయండి. కమాను తగిలే చోట నూనె వద్దు.

శ్రుతి నిలవడం లేదు

కొత్త తీగ వారం పది రోజులు సాగుతుంది, ఓపిక పట్టాలి. ఆ తర్వాతా కదులుతుంటే గాలిలో తేమ మారుతోంది. విశాఖ ఉక్కపోత నుంచి ఏసీ హాల్లోకి తెచ్చిన వాయిద్యానికి అరగంటైనా సమయమివ్వండి. బాగా పొడిగాలిలో చుట్టు లోపలి పేగు కుంచించుకుపోయి, చుట్టు వదులై గలగలమంటుంది. గదిలో తేమ 45-55 శాతం ఉంచి రెండు రోజులు చూడండి. తగ్గకపోతే తీగ మార్చాల్సిందే. మార్చేటప్పుడు ఒక్కొక్కటే విప్పండి. నాలుగూ ఒకేసారి వదులైతే లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్‌పోస్ట్, పడిపోవచ్చు.