డీజిల్ లెక్కకి రెండు ఫోటోలు చాలు

శ్రీకాళహస్తి ఒక మూల, పలమనేరు ఇంకో మూల. నడుమ పుత్తూరు, చిత్తూరు. ఇన్ని సైట్లు చూసుకునేవాళ్లకి జనరేటర్ డీజిల్ పెద్ద తలనొప్పి. రిజిస్టర్‌లో లెక్క సరిగ్గానే ఉంటుంది, ట్యాంకులోనే ఉండదు.

ముందు డిప్ రాడ్ (ట్యాంకులో ముంచి డీజిల్ ఎంతుందో చూసే కడ్డీ) మీద లీటర్ల గీతలు పెట్టించండి. ఖాళీ ట్యాంకులో 10 లీటర్ల చొప్పున పోస్తూ గీయాలి. అడ్డంగా పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకైతే సెంటీమీటర్ల లెక్క మోసం చేస్తుంది.

రోజూ పొద్దున 6 గంటలకి, జనరేటర్ ఆగి ఉన్నప్పుడు, ప్రతి సైటు నుంచీ వాట్సాప్‌లో రెండు ఫోటోలు రావాలి: అవర్ మీటర్ (జనరేటర్ మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో చూపేది), రాడ్ మీద తడి గీత. పక్కన పలక మీద ఆ పొద్దున మీరు పంపిన అంకె ఉండాలి. లేదంటే నిన్నటి ఫోటోనే మళ్లీ వస్తుంది!

నిన్నటి నిల్వకి పోసింది కలిపి, ఇవాళ్టి నిల్వ తీసేసి, తిరిగిన గంటలతో భాగించండి. ఎప్పుడూ గంటకి 4 లీటర్లు తాగేది 5 చూపిస్తే ముందు ఆ సైటుకే బండి తిప్పండి. పైపు కారుతుండొచ్చు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు.

గంట కూడా తిరగని రోజు ఈ లెక్క పనికిరాదు, వారానికి కలిపి చూడాలి. ఎండాకాలం ఏసీల లోడుకి కూడా అంకె పెరుగుతుంది, వాచ్‌మన్ మీద పడకండి.