జపాన్ లోకల్ లైన్లలో వాన్‌మాన్ రైలు ఎక్కడం, దిగడం ఎలా?

షిన్‌కాన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, ఎక్కడం ఎవరికీ నేర్పనక్కర్లేదు. టికెట్ మీద పెట్టె నంబరు, సీటు నంబరు ఉంటాయి, చూసుకుని కూర్చుంటే చాలు. మనవాళ్ళు తడబడేదంతా అది దిగి, ఊళ్ళవైపు వెళ్ళే, డ్రైవర్ ఒక్కరే ఉండే రెండు పెట్టెల చిన్న కరెంటు రైలు ఎక్కినప్పుడే. నేను ఉండేది పశ్చిమ జపాన్‌లో, యమగుచి వైపు. షిన్ యమగుచి నుంచి ఉబే దాకా ఉన్న 33 కిలోమీటర్ల ఉబే లైన్ మీద వారానికి నాలుగైదుసార్లు తిరుగుతాను. నన్ను చూడ్డానికి వచ్చిన చుట్టాలు, స్నేహితులు అందరూ ఒకే చోట ఒకే తప్పు చేస్తున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పి అలసిపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రైలు గురించి నాలుగు మాటలు. ఈ లైన్లో నేను ఎక్కువగా ఎక్కింది 105 సిరీస్ అనే రకం రైలు. 1981లో అప్పటి జపాన్ నేషనల్ రైల్వేస్ దీన్ని ఫుకుఎన్, ఉబే, ఒనొదా లాంటి చిన్న లైన్ల కోసం తెచ్చింది. అంతకుముందు పెద్ద నగరాల్లో తిరిగే 103 సిరీస్‌లో మోటారు పెట్టెలు జంటగా ఉండాల్సిందే, ఒకటి తీసేస్తే రెండోది నడవదు. జనం పెద్దగా లేని లైన్‌కి అంత రైలు దండగ. 105లో కావలసిన సామానంతా ఒకే మోటారు పెట్టెలో సర్దారు. దానికి మోటారు లేని పెట్టె ఒకటి తగిలిస్తే రైలు తయారు. మోటార్లు మాత్రం 103వే, ఒక్కోటి 110 కిలోవాట్లు, మోటారు పెట్టె కింద నాలుగు. రైలు కదిలేటప్పుడు కాళ్ళ కింద నుంచి వచ్చే ఆ గుర్రుమనే మోత ఇప్పటి కొత్త రైళ్ళలో ఎంత వెతికినా దొరకదు. ఒళ్ళంతా ముదురు పసుపు రంగు వేసి ఉంటుంది కాబట్టి ప్లాట్‌ఫారం చివర నుంచే గుర్తుపట్టొచ్చు.

ఇంత చిన్న రైలుకి గార్డు ఉండరు, డ్రైవర్ ఒక్కరే. దీన్నే అక్కడ వాన్‌మాన్ అంటారు, వన్ మ్యాన్ అన్నమాట. దారిలో చాలా స్టేషన్లలో కూడా సిబ్బంది ఉండరు. టికెట్ చూసేదీ, డబ్బులు తీసుకునేదీ డ్రైవరే. దీన్ని రైలు అనుకోకుండా పట్టాల మీద నడిచే బస్సు అనుకోండి, సగం గందరగోళం పోతుంది. 105 అయినా, ఒంటి పెట్టె 123 సిరీస్ అయినా, రేపు ఇంకో కొత్త రైలు వచ్చినా గార్డు లేని రైలుకి దాదాపు ఇదే పద్ధతి.

కావలసినవి

చిల్లర. ఇంకేమీ అక్కర్లేదు. 10 యెన్ నాణేలు ఐదు, 50 ఒకటి, 100 నాలుగు ఉంటే 500 వరకూ ఏ చార్జీ అయినా సరిగ్గా కట్టొచ్చు. వాటికి తోడు రెండు 1000 నోట్లు. 5000, 10000 నోట్లు రైల్లో మారవు, పెద్ద స్టేషన్లోనే ఏ నీళ్ళ సీసానో కొని మార్చుకోండి. 2021లో వచ్చిన రెండు రంగుల 500 నాణెం, 2024 జూలై 3న వచ్చిన కొత్త 1000 నోటు కొన్ని పాత మెషిన్లు తీసుకోవు. అందుకని పాతవి కనిపిస్తే ఖర్చు పెట్టకుండా దాచుకోండి.

చిల్లర ఎడమ జేబులో, రైలు ఎక్కగానే తీసుకునే చీటీ (దాని సంగతి కింద చెప్తాను) కుడి జేబులో. పర్సులో పెట్టకూడదు. హ్యాండ్‌బ్యాగులో అసలే పెట్టకూడదు.

ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర ఆనించే ఐసీ కార్డు ఉందిగా అంటారు. టోక్యోలో, ఒసాకాలో అది బాగానే పనిచేస్తుంది. చిన్న లైన్లలో ఎక్కిన స్టేషన్లో పనిచేసి, దిగే స్టేషన్లో మెషినే లేకపోవచ్చు. అప్పుడు చార్జీ డబ్బుగా కట్టి, డ్రైవర్ ఇచ్చే కాగితం తీసుకుని, తర్వాత కార్డు పనిచేసే స్టేషన్‌కి వెళ్ళి ఆ కార్డు మీద తెరిచి ఉన్న ప్రయాణాన్ని రద్దు చేయించుకోవాలి. అంతవరకూ ఆ కార్డు ఏ గేటు దగ్గరా పనిచేయదు. ఇంత తలనొప్పి కంటే చిల్లర నయం. జపాన్ రైల్ పాస్ (ఒకసారి కొంటే గడువులోపు ఎన్నిసార్లైనా తిరగగలిగే టికెట్) ఉన్నవాళ్ళు డ్రైవర్‌కి చూపిస్తే చాలు. కానీ 2023 అక్టోబరు నుంచి ఏడు రోజుల మామూలు పాస్ 50,000 యెన్ అయింది. ఒక్క చిన్న లైన్ మీద తిరగడానికి అది కొనడం నాకైతే నచ్చదు.

ఎక్కడం

సిబ్బంది ఉన్న స్టేషన్లో అన్ని తలుపులూ తెరుస్తారు, ఎక్కడైనా ఎక్కొచ్చు. సిబ్బంది లేని చోట మొదటి పెట్టె వెనక తలుపు ఒక్కటే ఎక్కడానికి, డ్రైవర్ పక్కనున్న ముందు తలుపు ఒక్కటే దిగడానికి. ఏది ఏదో తలుపు పక్కన రాసి ఉంటుంది, జపనీస్ రాకపోయినా పోల్చుకోవచ్చు. రెండు చోట్లా రెండేసి అక్షరాలు ఉంటాయి, రెండో అక్షరం రెండు చోట్లా ఖాళీ గడిలాగే ఉంటుంది. మొదటి అక్షరం చూడండి. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా ఉంటే అది ఎక్కే తలుపు, ఇరిగుచి. కొండ మీద ఇంకో కొండ పెట్టినట్టు ఉంటే అది దిగే తలుపు, దెగుచి.

తలుపు పక్కన బటన్ ఉంటే నొక్కండి. కొన్ని పాత రైళ్ళలో చేత్తో లాగాలి. తలుపు దానంతటదే తెరుచుకుంటుందని నిలబడి చూడొద్దు, రైలు మీకోసం ఆగదు.

లోపల అడుగు పెట్టగానే తలుపు పక్కన చిన్న మెషిన్ నుంచి బొటనవేలంత కాగితం బయటకి తొంగి చూస్తూ ఉంటుంది. దాని మీద ఒక నంబరు ఉంటుంది. అదే సెయిరికెన్, మీరు ఎక్కడ ఎక్కారో చెప్పే చీటీ. మనిషికి ఒకటి తీసుకోండి, పిల్లలకి కూడా.

ఎక్కడ కూర్చోవాలి

మొదటి పెట్టెలో. ఇందులో రెండో మాట లేదు.

105లో సీట్లు కిటికీల పొడవునా బెంచీల్లా ఉంటాయి. రెండో పెట్టె ఎప్పుడూ కాస్త ఖాళీగా కనిపిస్తుంది, సామాను ఉన్నవాళ్ళకి అక్కడికే పోవాలనిపిస్తుంది. పోయిన నవంబరులో మా చిన్నత్తయ్య, మావయ్య వచ్చారు. నేను ఆఫీసులో ఉండిపోయి, మా ఇంటి దగ్గర చిన్న స్టేషన్లో దిగమని ఫోన్లో చెప్పాను. రెండో పెట్టె అయితే కాళ్ళు చాపుకోవచ్చని అందులో కూర్చున్నారు. స్టేషన్ వచ్చింది. సూట్‌కేసుతో తలుపు ముందు నిలబడ్డారు. తలుపు రాలేదు. "ఏవండీ, బటన్ గట్టిగా నొక్కండి" అని అత్తయ్య, "నొక్కుతూనే ఉన్నానే" అని మావయ్య. ఈలోపు రైలు కదిలింది. తర్వాతి స్టేషన్లో దిగి, వెనక్కి వచ్చే రైలు కోసం ఆ చలిగాలిలో దాదాపు గంట కూర్చున్నారు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. ఆ రోజు ఫోన్లో ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది: సిబ్బంది లేని స్టేషన్లో రెండో పెట్టె తలుపులు తెరుచుకోవు.

ఇంకో సంగతి. ముందు పెట్టె అంటే డ్రైవర్ ఉన్న పెట్టె. చివరి స్టేషన్లో డ్రైవర్ బ్యాగు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వెళ్తారు. అప్పటిదాకా వెనక ఉన్నది ముందు అవుతుంది. వచ్చేటప్పుడు కూర్చున్న పెట్టెలోనే వెళ్ళేటప్పుడూ కూర్చుంటే పప్పులో కాలేసినట్టే.

దిగడం

అసలు కష్టం ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

డ్రైవర్ వెనక, పైన, నంబర్ల గడులున్న బోర్డు ఉంటుంది. ప్రతి గడిలో పైన చీటీ నంబరు, కింద చార్జీ. మీ చీటీ మీద 4 ఉంటే 4 అని ఉన్న గడి చూడండి. కింద 330 ఉంటే తర్వాతి స్టేషన్లో దిగడానికి మీరు కట్టాల్సింది 330. ఒక్కో స్టేషన్ దాటే కొద్దీ ఆ అంకెలు మారుతుంటాయి. కాబట్టి ఎక్కగానే చూసి గుర్తుపెట్టుకుంటే లాభం లేదు, మీ స్టేషన్‌కి ముందు స్టేషన్ దాటాకే చూడాలి. నంబరు లేని మొదటి గడి రైలు బయల్దేరిన చోటే ఎక్కినవాళ్ళది.

చిల్లర సరిపోకపోతే మీ స్టేషన్ వచ్చేదాకా ఆగొద్దు. రెండు మూడు స్టేషన్ల ముందే, రైలు ఆగి ఉన్నప్పుడు లేచి వెళ్ళి మార్చుకోండి. డ్రైవర్ పక్కన నడుమెత్తు పెట్టె ఉంటుంది. దానికి రెండు రకాల నోళ్ళు ఉంటాయి, పొరపాటంతా ఇక్కడే జరుగుతుంది. ఒకటి చిల్లర ఇచ్చేది. అందులో 1000 నోటు గానీ పెద్ద నాణెం గానీ వేస్తే అంతకు సరిపడా చిన్న నాణేలు కింద గిన్నెలో గలగలా పడతాయి. రెండోది చార్జీ తీసుకునేది. పైన వెడల్పుగా ఉంటుంది, చాలావాటిలో లోపల చిన్న బెల్టు కదులుతూ కనిపిస్తుంది. ఇందులో వేసింది ఇక తిరిగి రాదు. 330కి 500 నాణెం వేసి మిగతాది వస్తుందని చెయ్యి చాచి నిలబడినవాళ్ళని నేను ఎందరినో చూశాను. రాదు. ఈ పెట్టె మార్చి ఇస్తుంది, మిగిలింది తిరిగి ఇవ్వదు. ఈ రెండూ ఒకటి కాదు.

అలాగే చిల్లర ఇచ్చే నోటిలో నాణెం వేసి, గిన్నెలో పడ్డ డబ్బు జేబులో పెట్టుకుని, చార్జీ కట్టేశామనుకుని దిగబోయేవాళ్ళూ ఉంటారు. డ్రైవర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపుతారు. తప్పు చేసినట్టు అందరి ముందూ నిలబడాల్సి వస్తుంది, వెనక వాళ్ళంతా ఆగిపోతారు. చాలా ఇబ్బందిగా ఉంటుంది. మార్చుకోవడం ఒక పని, కట్టడం ఇంకో పని. మార్చుకున్నాక గిన్నెలోవి చేతిలోకి తీసుకుని, సరిగ్గా 330 లెక్కపెట్టి, జేబులో వేరుగా పెట్టుకుని సీటుకి రండి.

మీ స్టేషన్ పేరు చెప్పగానే లేవండి. ఆ ప్రకటనలో రెండు మాటలు పట్టుకుంటే చాలు: మాఏ అంటే ముందు, ఉషిరో అంటే వెనక. ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో లెక్కపెట్టిన చిల్లర ఉండాలి. సామాను భుజానికి తగిలించుకోండి, చేతులు ఖాళీగా ఉండాలి. రైలు పూర్తిగా ఆగి డ్రైవర్ మీ వైపు తిరిగేదాకా ఏమీ వేయొద్దు. ఆయన తిరిగి చూశాక చీటీ, చిల్లర రెండూ కలిపి ఆయనకి కనిపించేలా ఆ వెడల్పు నోట్లో వేయండి. ముగ్గురు ఉంటే ముగ్గురి చీటీలూ ఒకరే పట్టుకుని వేస్తే త్వరగా అయిపోతుంది. కొందరు ఒక్కొక్కరే కట్టాలంటారు గానీ, నా దృష్టిలో అది పక్కవాళ్ళ టైము తినడమే.

ముందే కొన్న టికెట్ ఉంటే అదీ పెట్టెలోనే వేయాలి. అదే టికెట్ మీద ఇంకా ముందుకి వెళ్ళాల్సి ఉంటే మాత్రం వేయకండి, చూపించి జేబులో పెట్టుకోండి. ఒకసారి వేసేశాక ఆ పెట్టె తెరిచి టికెట్ తీయడం డ్రైవర్ వల్ల అయ్యే పని కాదు.

షిన్ యమగుచి లాంటి, గేటు దగ్గర సిబ్బంది ఉన్న స్టేషన్లో దిగితే ఇదంతా లేదు. ఏ తలుపు నుంచైనా దిగి, చీటీ గేటు దగ్గర ఇచ్చి అక్కడే కట్టండి. రైల్లో కట్టకూడదు. కొన్ని చోట్ల సిబ్బంది పగలు ఉండి సాయంత్రం వెళ్ళిపోతారు. చీకటి పడ్డాక ఏ స్టేషన్‌కైనా సరే మొదటి పెట్టె ముందు తలుపు దగ్గరికే వెళ్ళి నిలబడండి, నేనూ అలాగే చేస్తాను.

దిగాక

రైలు వెళ్ళిపోయేదాకా పసుపు గీత వెనక నిలబడండి. ఈ స్టేషన్లలో చాలావాటిలో పైవంతెన ఉండదు, పట్టాల మీదుగా వేసిన దారిలోనే అవతలకి దాటాలి.

స్టేషన్ వదిలి వెళ్ళేముందు టైంటేబుల్ బోర్డుకి ఫోటో తీసుకోండి. ఎడమ వైపు గంటలు, పక్కన నిమిషాలు ఉంటాయి. చాలా గంటల పక్కన ఒకటే అంకె కనిపిస్తుంది. ఆదివారాలు, సెలవు రోజులకి వేరే టైములు ఉంటే వాటికీ ఫోటో తీసుకోండి. తొకివా స్టేషన్లో దిగి పార్కులో చెరువు చుట్టూ తిరగాలనుకునేవాళ్ళు, కుసఏలో దిగి యమగుచి ఉబే విమానాశ్రయానికి నడిచి వెళ్ళేవాళ్ళు మరీ ముఖ్యంగా చూసుకోవాలి. రైలు చెప్పిన నిమిషానికి వస్తుంది, అదే నిమిషంలో వెళ్ళిపోతుంది. ప్లాట్‌ఫారం మీదకి ఐదు నిమిషాల ముందే వచ్చి, మొదటి పెట్టె వెనక తలుపు ఎక్కడ ఆగుతుందో అక్కడే నిలబడండి.