భీమిలి మొగలో పక్షుల లెక్కకు వెళ్లే ముందు

ముందు రోజు రాత్రే ఆటుపోట్ల వేళలు చూసుకోండి. నీళ్లు తీసినప్పుడు ఉల్లంకి పిట్టలు బురదంతా చెదిరి మేస్తుంటాయి, లెక్క తేలదు. పోటు ఎక్కేకొద్దీ మిగిలిన ఇసుక దిబ్బ మీదికి గుంపుగా చేరతాయి. ఆ వేళకి కాస్త ముందే మొగ దగ్గర, అంటే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉండాలి.

మనది తూర్పు తీరం. పొద్దున సముద్రం వైపు చూస్తే పిట్టలన్నీ నల్లటి మచ్చలే. ఎండ వీపుకి తగిలేలా నిలబడండి.

అన్నిటికంటే ముఖ్యం, గుంపుని లేపకూడదు. ఒంటికాలి మీద కునుకు తీసే పిట్ట రెండో కాలు దించి, మెడ సాచిందంటే మీరు మరీ దగ్గరికి వచ్చేసినట్టే. మెల్లగా వెనక్కి తగ్గండి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ప్రాణులవి, తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకోవాలి. ఫొటో కోసం వాటిని తరిమేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గల్స్ అనే సముద్రపు పిట్టల పేర్లు చూసి మోసపోవద్దు. చలికాలంలో బ్రౌన్ హెడెడ్, బ్లాక్ హెడెడ్ రెండింటికీ తల తెల్లబడి, చెవి దగ్గర మచ్చ మాత్రం మిగులుతుంది. ఎదిగిన బ్రౌన్ హెడెడ్‌కి కన్ను లేత రంగు, నల్లటి రెక్క కొసల్లో తెల్ల మచ్చలు. తేలకపోతే ‘గల్, రకం తెలియదు’ అనే రాయండి.

పెద్ద గుంపైతే ముందు పది లెక్కపెట్టి, అవి పట్టిన చోటుతో మిగతాది కొలవండి. ఇద్దరుంటే విడివిడిగా లెక్కేయండి.

బైనాక్యులర్, టోపీ, నీళ్లు సరే. బురదలో దిగే ముందు మాత్రం వల లాగేవాళ్లని అడగండి: "అన్నా, ఇక్కడ కాలు దిగబడుద్దా?"