సిరొంచ తాలూకాలో ట్రెక్కింగ్, అడవి నడకలు నడపాలంటే దరఖాస్తు ఎలా చేయాలి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అంకీసా, ఆసరల్లి వైపు కుర్రాళ్ళు ఈమధ్య నన్ను అడిగేది ఒకటే మాట. "అన్నా, టూరిజం వాళ్ళ దగ్గర రిజిస్ట్రేషన్ అయిపోతే గ్రూపులను అడవిలోకి తీసుకెళ్ళొచ్చు కదా?" కుదరదు. ఆ కాగితం మీరు చేసే పనికి, మీరు అడుగుపెట్టే చోటికి కాదు. చోటుకు అనుమతి ఇచ్చేది ఫారెస్టు వాళ్ళు, కొన్ని ఊళ్ళలో గ్రామసభ కూడా. ఈ తేడా తెలియక నేను మొదటి ఏడాదే హైదరాబాద్ నుంచి వచ్చిన పన్నెండు మందిని తెల్లవారుజామున ఒక గేటు దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణుంచే వెనక్కి తీసుకొచ్చి, అందరికీ డబ్బు తిరిగిచ్చాను. ఆపిన గార్డు తప్పేమీ లేదు, ఆయన పని ఆయన చేశాడు. మీకు ఆ రోజు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ రిజిస్ట్రేషన్ ఎందుకు వచ్చిందో చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే అధికారి అడిగే ప్రశ్నలు వేధింపులా అనిపించవు. హిమాలయాల్లో ట్రెక్‌కు వెళ్ళిన కొడుకు ప్రాణాలతో తిరిగి రాకపోతే ఆ తల్లిదండ్రులు బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. ఆ కేసుతో ప్రభుత్వం కదిలింది. 2014లో ఒక జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు), 2018లో ఇంకొకటి, చివరికి 2021 ఆగస్టులో మహారాష్ట్ర సాహస పర్యటన విధానం వచ్చాయి. మధ్యలో ట్రెక్కింగ్ క్లబ్బులు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి, కాగితాల బరువు తప్ప భద్రత పెరగదని. అందులో కొంత నిజం ఉంది. కానీ నా లెక్కలో ప్రథమ చికిత్స రానివాడు ఇరవై మందిని అడవిలోకి నడిపించడం కంటే ఆ బరువు మోయడమే మేలు. ఈ విధానం ప్రకారం నేల మీద, నీటిలో, గాలిలో చేయించే సాహస కార్యక్రమాలు నడిపేవాళ్ళు రాష్ట్ర పర్యాటక సంచాలనాలయంలో రిజిస్టర్ కావాలి. మన గడ్చిరోలి జిల్లా నాగ్‌పూర్ విభాగం కిందకు వస్తుంది.

దరఖాస్తు తెరిచే ముందు మీ వ్యాపారానికి ఒక పేరు, ఒక రుజువు ఉండాలి. పదిమంది కంటే తక్కువ మంది పనిచేసే చోటికి 2017 షాపుల చట్టం కింద పెద్ద లైసెన్స్ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో సమాచారం ఇచ్చి రసీదు తీసుకుంటే చాలు, మనవాళ్ళు ఇప్పటికీ దాన్ని గుమాస్తా అనే అంటారు. దాంతోపాటు ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్, పాన్, వ్యాపారం పేరు మీద బ్యాంకు ఖాతా పెట్టుకోండి. ఇక్కడ మనవాళ్ళకే వచ్చే చిక్కు ఒకటుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ కావడంతో ఒకే మనిషి ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, సాత్‌బారాలో (భూమి పత్రం) ఇంకోలా, బడి టీసీలో మరోలా ఉంటుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు వెనక్కొస్తుంది. సేతు కేంద్రానికి (ప్రభుత్వ కాగితాల సేవా కేంద్రం) వెళ్ళి ముందు అన్నిటినీ ఒకే స్పెల్లింగుకు తెచ్చుకోండి, ఆ తర్వాతే మిగతాది.

ఇప్పుడు టూరిజం దరఖాస్తు. ఇది రెండు మెట్లలో నడుస్తుంది. మొదట తాత్కాలిక రిజిస్ట్రేషన్, తర్వాత పరిశీలన, అన్నీ సరిగ్గా ఉంటే తుది సర్టిఫికెట్. తాత్కాలికం చేతికి రాగానే పని అయిపోయిందనుకుని చాలామంది బోర్డు కట్టేస్తారు, ఆ తర్వాత రెండో మెట్టు మర్చిపోతారు. అలా చేయకండి, దాని మీద రాసి ఉన్న గడువు తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. దరఖాస్తులో మీరు ఏ కార్యక్రమం నడుపుతారో ఖచ్చితంగా రాయాలి. "అడ్వెంచర్ టూర్లు" అని రాస్తే ప్రశ్నలు వస్తాయి. "ఒక పగలు నడక, రాత్రి బస లేదు, ఒక గ్రూపులో గరిష్ఠంగా పన్నెండు మంది, ఇద్దరు గైడ్లు" అని రాస్తే చదివే మనిషికి బొమ్మ కనబడుతుంది. గైడ్ల శిక్షణ సర్టిఫికెట్లు, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు, సామాన్ల జాబితా, వచ్చేవాళ్ళకు చేయించే బీమా, ప్రమాదం జరిగితే ఏం చేస్తారో రాసిన ప్రణాళిక కూడా సిద్ధంగా ఉండాలి.

ఆ చివరిదాని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని నెట్‌లోంచి దించి పెట్టేస్తున్నారు. సహ్యాద్రి కోటల కోసం రాసిన ప్రణాళికలో "దగ్గరి ఆసుపత్రికి నలభై నిమిషాలు" అని ఉంటుంది, దాన్నే మన ఊరి పేరు పెట్టి పంపితే అధికారి నవ్వడు, నమ్మడం మానేస్తాడు. మన దగ్గర సంగతి వేరు. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే, ఆలపల్లి రోడ్డు వానాకాలంలో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఏ చోట ఫోన్ సిగ్నల్ పోతుందో, పాము కాటుకు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో, మనిషిని మోసుకుని రోడ్డెక్కడానికి ఎంతసేపు పడుతుందో, ఏ బండి ఎక్కడ ఆగి ఉంటుందో మీరే నడిచి, టైము చూసుకుని రాయండి. నేను రెండోసారి అలాగే రాశాను. పరిశీలనకు వచ్చినవాళ్ళు మిగతా ఫైలు తిరగేసి వదిలేశారు గానీ, ఆ రెండు పేజీల మీద అరగంట మాట్లాడారు.

ఇక అడవి. మీరు నడిచే దారి ఏ రకం అడవిలో ఉందో ముందు తెలుసుకోండి. అభయారణ్యం అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. సెక్షన్ 27 ప్రకారం ఊరికే లోపలికి పోవడానికి లేదు, సెక్షన్ 28 ప్రకారం పర్యటన కోసం అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. ప్రాణహిత, చాప్రాల, భామ్రాగడ్ మూడూ అభయారణ్యాలే. అడవి గేదెల కోసం కాపాడుతున్న కోలామార్కా వైపు పోవాలన్నా అడగకుండా అడుగు వేయొద్దు. అభయారణ్యం కాకపోయినా రిజర్వు ఫారెస్టు అయితే 1927 అటవీ చట్టం సెక్షన్ 26 కింద అక్రమ ప్రవేశం నేరమే. దరఖాస్తు మీ రేంజ్ ఆఫీసు ద్వారా డీసీఎఫ్ (డిప్యూటీ కన్జర్వేటర్ ఆఫ్ ఫారెస్ట్స్) పేరు మీద ఇవ్వండి, దారి గీసిన మ్యాపు, తేదీలు, మనుషుల సంఖ్య జత చేయండి. రాత్రి మంట వేస్తారా, వంట చేస్తారా అన్నది దాచకుండా రాయండి. అభయారణ్యంలో నిప్పు గురించి చట్టంలో సెక్షన్ 30 అని విడిగానే ఉంది. వడదం ఫాసిల్ (శిలాజాల) పార్కు వైపు నడకలు పెట్టుకునేవాళ్ళు ఒక్క రాయి ముక్క కూడా ఎవరూ జేబులో వేసుకోకుండా చూస్తామని దరఖాస్తులోనే రాసివ్వండి, అడగకముందే రాస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది. తాడోబా లాంటి పులుల అడవిలో సఫారీ గైడింగ్ సంగతి పూర్తిగా వేరు, అక్కడ గైడ్లను ఎంచుకునేది ఫారెస్టు వ్యవస్థే, బయటి కంపెనీ తన గైడును కూర్చోబెట్టే పద్ధతి లేదు.

మన జిల్లాలో చాలా ఊళ్ళకు అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు వచ్చాయి. ధానోరా తాలూకాలోని మేండా లేఖా 2009లోనే ఆ పత్రం తీసుకుంది. అలాంటి ఊరి అడవిలో నడక పెట్టాలంటే ముందు గ్రామసభ ఒప్పుకోవాలి. ఫారెస్టు అనుమతి జేబులో ఉంది కదా అని ఊరిని దాటిపోతే మర్యాద కాదు, వ్యాపారమూ నిలబడదు. ఎంత మంది వస్తారు, ఊరివాళ్ళలో ఎవరికి గైడు పని ఇస్తారు, మనిషికి ఎంత గ్రామసభ ఖాతాలో వేస్తారు, ఇవన్నీ మాట్లాడుకుని ఠరావు (తీర్మానం) రాయించి నకలు తీసుకోండి. ఫారెస్టు దరఖాస్తుకు ఆ ఠరావు జత చేస్తే సగం ప్రశ్నలు ముందే తీరిపోతాయి.

పడవలు నడిపేవాళ్ళకు రెండు మాటలు. మోటారు పడవకు 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్, బీమా కావాలి, టూరిజం సర్టిఫికెట్ వాటికి బదులు కాదు. ఇంకోటి, ప్రాణహితకు, గోదావరికి అవతలి ఒడ్డు తెలంగాణ. అక్కడ జనాన్ని దించి కార్యక్రమం నడిపితే అక్కడి అనుమతులు వేరుగా తీసుకోవాలి. పుష్కరాలప్పుడు అందరూ అటూ ఇటూ తిప్పారు కదా అని ఇప్పుడూ అలాగే చేద్దాం అనుకోవద్దు.

ఆఫీసులతో ఎలా మెలగాలన్నది చాలామంది టెన్షన్ పడే విషయం. ఏ కాగితం ఇచ్చినా రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర, తేదీ, ఆవక్ (కాగితం అందినట్టు రాసే) నంబరు వేయించుకోండి. నా ఫైలు ఒక ఆఫీసులో నాలుగు నెలలు కనబడకుండా పోయింది, ఆవక్ నంబరు ఉన్న నా ప్రతి లేకపోతే మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చేది. ఏదైనా లోపం చెప్తే నోటి మాటగా కాకుండా రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి, చాలామంది ఇస్తారు. ప్రభుత్వం గడువు పెట్టి ప్రకటించిన (నోటిఫై అయిన) సేవ అయితే 2015 లోకసేవా హక్కు చట్టం కింద గడువు దాటాక అప్పీలు చేసుకోవచ్చు, అలాంటి సేవ కాకపోతే సమాచార హక్కు దరఖాస్తుతో ఫైలు ఎక్కడ ఆగిందో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. కానీ మొదటి ఆయుధంగా వాటిని తీయకండి. ముందు ఒకసారి వెళ్ళి కలవండి. ఫారెస్టులో రేంజ్ ఆఫీసరు మారితే కొత్తాయన దగ్గరకు వెళ్ళి మీ అనుమతి నకలు మీరే ఇచ్చి రండి. ప్రతి గ్రూపు బయల్దేరే ముందు మనుషుల జాబితా రేంజ్ ఆఫీసుకు, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పంపండి. చిన్న దెబ్బ తగిలినా మీరే ముందు చెప్పండి, ఇంకొకరి నోటి నుంచి వాళ్ళు వింటే మీ మాటకు విలువ పోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, నవంబరులో మొదటి గ్రూపు నడవాలనుకుంటే ఏప్రిల్‌లోనే. జులై, ఆగస్టుల్లో వరదతో దారులు తెగితే పరిశీలనకు ఎవరూ రాలేరు. మే 1న మహారాష్ట్ర దినం నాడు గ్రామసభ జరుగుతుంది, మీ విషయం ఆ రోజు అజెండాలో ఉండాలంటే ఏప్రిల్ మొదటి వారంలోనే గ్రామపంచాయతీ అధికారికి (ఇంతకుముందు గ్రామసేవకుడు అనేవారు) లేఖ ఇచ్చి, ఆ లేఖ మీద కూడా ఆవక్ నంబరు వేయించుకోండి.