పాలు లేని కమ్మదనం – 3వ పాఠం: జీడిపప్పు ముద్ద

పోయిన పాఠంలో కొబ్బరిపాలు తీశాం. కూరలో పోశాక సెగ తగ్గించాలని, తెర్లనిస్తే విరుగుతాయని చూశాం. కొబ్బరిపాలతో ఒకటే ఇబ్బంది, ఏ కూరలో పోసినా కొబ్బరి రుచే ముందు తగులుతుంది. హోటల్ తరహా ఎర్రటి టమాటా గ్రేవీకి అది నప్పదు. అక్కడ క్రీమ్ స్థానంలో జీడిపప్పు ముద్దే బాగుంటుంది.

మా అబ్బాయికి పాలు పడవు. పెళ్లి భోజనాల్లో గ్రేవీ కూర కనిపిస్తే "అమ్మా, ఇందులో క్రీమ్ వేశారా?" అని అడిగి ప్లేటు పక్కకు జరిపేవాడు. అది చూడలేకే ఇదంతా నేర్చుకున్నాను.

కారం కూరలో క్రీమ్ గ్రేవీకి నునుపు తెస్తుంది, కారాన్ని కూడా కాస్త తగ్గిస్తుంది. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. నోరు మండినప్పుడు ఎన్ని నీళ్లు తాగినా లాభం లేనిది అందుకే. జీడిపప్పులో సగానికి దగ్గరగా కొవ్వే ఉంటుంది. కానీ కారాన్ని పట్టుకుపోయే కేసిన్ అనే ప్రొటీన్ పాలలోనే ఉంటుంది, జీడిపప్పులో ఉండదు. అందుకని ఎప్పుడూ వేసే కారంలో ముప్పావు వంతే వేసి మొదలుపెట్టండి. చాలకపోతే చివర్లో కలపొచ్చు.

నలుగురికి సరిపడా కూరకు 25 జీడిపప్పులు చాలు. పలుకులైనా ఫరవాలేదు, ఎలాగూ రుబ్బేదే కదా, గుండు పప్పు కొనక్కర్లేదు. వేయించకండి. ఒకసారి నేను దోరగా వేయించి రుబ్బితే గ్రేవీ రంగు మాసిపోయి, మిఠాయి వాసన వచ్చింది. పచ్చి పప్పునే వేడినీళ్లలో అరగంట నానబెట్టండి.

రుబ్బడం దగ్గరే చాలామంది తొందరపడతారు. నీళ్లు ఒకేసారి పోస్తే పలుకులు బ్లేడుకు దొరక్కుండా తేలిపోతాయి. ముందు మూడు చెంచాల నీళ్లతో గట్టిగా తిప్పండి, మిక్సీ జార్ అంచులకు అంటినదాన్ని గరిటెతో కిందికి తోయండి, మళ్లీ తిప్పండి. తర్వాతే కొంచెం కొంచెంగా నీళ్లు. అయిందో లేదో వేళ్లే చెబుతాయి. చిటికెడు ముద్ద తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య రాయండి. బొంబాయి రవ్వలా తగిలితే ఇంకా అవలేదు. వెన్నలా జారితే అయినట్టే. మిక్సీ వేడెక్కితే రెండు నిమిషాలు ఆపండి.

ఉల్లిపాయ, టమాటా మసాలా వేగి నూనె పైకి తేలాక సెగ తగ్గించండి. ముద్దను అలాగే వేయకుండా అర కప్పు వేడినీళ్లలో జారుగా కలిపి పోయండి. ఇక కలుపుతూనే ఉండాలి. జీడిపప్పులో పిండిపదార్థం ఎక్కువ, కాసేపు వదిలేస్తే అడుగంటుతుంది. అయిదారు నిమిషాల్లో చిక్కబడుతుంది. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది కాబట్టి, మీకు కావాల్సినదాని కంటే కాస్త పలచగా ఉండగానే దించేయండి. ఉప్పు మాత్రం ముద్ద పోశాకే చూడండి, ముందు సరిపోయిన ఉప్పు తర్వాత చప్పగా అనిపిస్తుంది. మామూలుగా పెరుగు వేసే కూరైతే, పెరుగు మానేసి ఆ పులుపు కోసం దించాక అర చెక్క నిమ్మరసం పిండండి.

ఒక జాగ్రత్త. పాలు అరగకపోవడం వేరు, పాల అలర్జీ వేరు. అలర్జీ ఉన్నవాళ్లకు తాలింపులో నెయ్యి కూడా వద్దు, అందులోనూ పాల ప్రొటీన్ కొద్దిగా మిగులుతుంది. జీడిపప్పే పడనివాళ్లు పుచ్చగింజల పప్పును గంటసేపు నానబెట్టి ఇలాగే రుబ్బుకోవచ్చు. నునుపు కొంచెం తగ్గుతుంది.

ఈ వారం అభ్యాసం: ఒకే టమాటా గ్రేవీని రెండు గిన్నెల్లో పోయండి. ఒకదానిలో ముద్ద కలిపి ఉడికించండి, రెండోది అలాగే వదిలేయండి. రెండూ అన్నంలో కలుపుకుని తిని, కారం నాలుక మీద ఎంతసేపు ఉందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో హైదరాబాదీ మిర్చీ కా సాలన్ చేస్తాం. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి సిద్ధం చేసుకోండి.