పెద్ద క్రూయిజ్ ఓడలో షోల బుకింగ్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లని క్రూయిజ్‌కి తీసుకెళ్లడం అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు మామూలైపోయింది. డాలస్, హ్యూస్టన్ వాళ్లైతే ఫ్లోరిడా దాకా వెళ్లక్కర్లేదు. రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఒయాసిస్ తరగతి ఓడలు 2022 నుంచి టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవుకే వస్తున్నాయి. క్యాబిన్ ఎక్కడుండాలి, వీసా కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని నెలల తరబడి చూసుకునేవాళ్లు కూడా షోల సంగతి ఓడెక్కాక చూద్దాంలే అనుకుంటారు. తీరా ఎక్కాక ఆ కంపెనీ యాప్‌లో ఏది నొక్కినా 'ఖాళీ లేదు' అనే వస్తుంది.

ఒయాసిస్, అల్యూర్, హార్మనీ, సింఫనీ, వండర్, యుటోపియా అనే ఆరు ఓడల్లోనూ ఏర్పాటు దాదాపు ఒకటే. ముందువైపు పెద్ద థియేటర్, నాలుగో డెక్కు మీద ఐస్ స్కేటింగ్ హాలు, ఓడ వెనక కొసన ఆరుబయట, కొలనులోకి దూకే విన్యాసాలు చూపించే ఆక్వా థియేటర్, ఇవికాక ఒక చిన్న కామెడీ క్లబ్. ఈ షోలన్నీ టికెట్ ధరలోనే వస్తాయి, బుకింగ్‌కి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఏ ఓడైనా నేను చెప్పే వరుస ఒకటే. గాలికి రద్దయ్యే ఆక్వా షోని అన్నిటికన్నా ముందు బుక్ చేయండి, చిన్న హాలు షోలని ఆ తర్వాత, పెద్ద థియేటర్‌ని చివర. భోజనం వేళలు వీటిని బట్టి సర్దుకోండి. కింద చెప్పే చిక్కుల్లో సగం ఈ వరుస తిరగబడటం వల్ల వచ్చేవే.

యాప్‌లో షోల పేజీ ఖాళీగా ఉంది

ప్రయాణానికి ఇంకా చాలా నెలలుంటే ఇది సమస్యే కాదు. ఏ రోజు ఏ షో అన్నది ఓడలో ఖరారయ్యాకే స్లాట్లు పెడతారు. అన్ని ఓడలకూ, అన్ని ట్రిప్పులకూ ఒకే తేదీన తెరుచుకోవు. కొన్ని ట్రిప్పులకు ఓడెక్కిన రోజున మాత్రమే తెరుస్తారు. వారానికోసారి యాప్‌లోనూ, వెబ్‌సైట్‌లో క్రూయిజ్ ప్లానర్ అనే చోటా చూస్తూ ఉండండి. ఒక్కోసారి యాప్‌లో కనిపించనిది వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. ఇక ప్రయాణం రేపనగా కూడా ఖాళీగానే ఉంటే, ఓడెక్కి వైఫై కలపగానే చేయాల్సిన మొదటి పని ఇదే. బఫే కాదు, స్విమ్మింగ్ పూల్ కాదు. ఇంట్లో ఒకరికి ఈ పని అప్పగించి, మిగతావాళ్లని భోజనానికి పంపండి.

ఓడలోని వైఫైకి ఫోన్ కలిపితే చాలు, ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకపోయినా యాప్ పనిచేస్తుంది. ఈ సంగతి తెలియక బుకింగ్ కోసమే ప్యాకేజీ కొనేవాళ్లున్నారు.

అన్నీ 'సోల్డ్ ఔట్' అంటోంది

అందరినీ ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే కాబట్టి కారణం కాస్త వివరంగా చెబుతాను. వండర్ ఆఫ్ ద సీస్‌లో క్యాబిన్‌కి ఇద్దరి లెక్కన 5,734 మంది పడతారు. పిల్లలతో పూర్తిగా నిండితే ఏడు వేలకు దగ్గరవుతారు. ఈ తరగతి ఓడల్లో పెద్ద థియేటర్‌లో ఉండేది దాదాపు 1,400 సీట్లు. ఐస్ హాల్లో, ఆక్వా థియేటర్‌లో అందులో సగానికి కాస్త అటూ ఇటూ. ఈ రెండు చోట్లా ఒక షోని ట్రిప్పు మొత్తంలో నాలుగుసార్లు వేసినా ఓడలో సగం మందికే అందుతుంది. కామెడీ క్లబ్ వీటన్నిటికన్నా చిన్నది. అందుకే అన్నిటికన్నా ముందు నిండిపోతుంది.

మరి ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. బుకింగ్ ఉచితం కావడంతో చాలామంది అవసరం ఉన్నా లేకపోయినా నాలుగైదు షోలు పట్టి పెట్టుకుంటారు. తీరా ఆ రోజు పిల్లలు నిద్రపోయారనో, రేవులో ఎండకి తిరిగి అలిసిపోయారనో మానేస్తారు. వాటిలో కొన్నయినా యాప్‌లోకి తిరిగి వస్తాయి. కొన్ని సీట్లని ఓడెక్కినవాళ్ల కోసం అట్టే పెట్టి మొదటి రోజున విడుదల చేస్తారు కూడా. అందుకని ఓడెక్కిన రోజు మధ్యాహ్నం, తర్వాత ప్రతిరోజూ పొద్దున్నే ఒకసారి, షో ఉన్న సాయంత్రం ఇంకోసారి చూడండి. నలుగురికి ఒకేసారి దొరక్కపోతే ఇద్దరిద్దరిగా ప్రయత్నించండి. రెండు సీట్లున్న చోట నలుగురికి అడిగితే యాప్ ఖాళీ లేదనే చెబుతుంది.

ఏ రోజు అన్నది కూడా ముఖ్యం. రోజంతా సముద్రంలోనే ఉండే రోజుల్లో, అదీ తొందరగా మొదలయ్యే షోకి పోటీ ఎక్కువ. రేవులో ఆగిన రోజు రాత్రి రెండో ఆటకి తక్కువ. అమ్మానాన్నలు ఆ రోజు రేవులో దిగకుండా ఓడలోనే విశ్రాంతి తీసుకుంటే, ఆ రాత్రి ఆటే వాళ్లకి హాయి.

యుటోపియా లాంటి ఓడ మూడు, నాలుగు రాత్రుల ట్రిప్పులు వేస్తుంది. వాటిలో ఒక్కో షోని వేసే ఆటలు తక్కువ. అక్కడ రేపు చూద్దాం అంటే కుదరదు.

గాలి వల్ల ఆక్వా షో రద్దయింది

ఆక్వా థియేటర్ ఆరుబయట, ఓడ వెనక చివర ఉంటుంది. డైవర్లు 10 మీటర్లు, అంతకన్నా పై నుంచి కూడా కింద ఉన్న కొలనులోకి దూకుతారు. ఓడ ఊగితే కొలనులో నీళ్లూ ఊగుతాయి, గాలి బలంగా వీస్తే గాల్లో ఉన్న మనిషి పక్కకి జరుగుతాడు. కాబట్టి షో ఆపేస్తే కోప్పడకండి. అది ఒక మనిషి ప్రాణం చూసి తీసుకున్న నిర్ణయం. ఓడ ఊగుతున్నప్పుడు ఐస్ షోలో కూడా కొన్ని విన్యాసాలు తగ్గిస్తారు, ఒక్కోసారి షో మొత్తం ఆపేస్తారు.

దీనికి మందు బుక్ చేసేటప్పుడే వేయాలి. ట్రిప్పులో ఆక్వా షో మొదటిసారి వేసే రోజునే మీ సీటు ఉండేలా చూసుకోండి. అది ఆగిపోయినా ముందు ఇంకా రోజులుంటాయి. చివరి రాత్రి ఆటకి పెట్టుకుని, ఆ రాత్రి గాలి లేస్తే చేయగలిగింది ఏమీ లేదు. రద్దయిన సంగతి ఓడలో వినోద కార్యక్రమాలు చూసుకునే క్రూయిజ్ డైరెక్టర్ మైకులో చెబుతారు, యాప్‌లోనూ కనబడుతుంది. ఒక్కోసారి మిమ్మల్ని వేరే ఆటకి వాళ్లే మారుస్తారు, ఒక్కోసారి మీరే మళ్లీ పట్టుకోవాలి. ప్రకటన వినగానే యాప్ తెరవండి. వాళ్లే మారుస్తారులే అని కూర్చోకండి.

ముందు వరుసల్లో కూర్చుంటే తడుస్తారు. ఆ సీట్ల దగ్గర బోర్డు ఉంటుంది. పట్టుచీరతో వచ్చిన అమ్మని అక్కడ కూర్చోబెట్టొద్దు.

డిన్నర్ వేళా, షో వేళా ఢీకొంటున్నాయి

మన వాళ్ల విషయంలో దీనికి ఇంకో మెలిక ఉంది. మెయిన్ డైనింగ్ రూంలో రెండు పద్ధతులుంటాయి. రోజూ ఒకే వేళకి, ఒకే టేబుల్ దగ్గర, అదే వెయిటర్‌తో తినేది ఒకటి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లేది రెండోది, దీన్ని మై టైమ్ అంటారు. షోల కోసమైతే రెండోదే మేలనిపిస్తుంది. కానీ శాకాహారం, మన తరహా కూరలు కావాలంటే మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మాట్లాడి రేపటికి చేయించమని అడగాలి. రోజూ అదే టేబుల్ అయితే మనం చెప్పింది వాళ్లకి గుర్తుంటుంది, పప్పూ అన్నం మనం కూర్చునేసరికి వస్తాయి. రోజుకో టేబుల్ మారితే రోజూ మొదటి నుంచి చెప్పుకోవాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే నా ఓటు ఒకే వేళ పద్ధతికే.

అప్పుడు షోలని ఇలా సర్దండి. సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో తినే బృందంలో ఉంటే భోజనానికి గంటన్నర పడుతుందనుకుని, ఆ తర్వాత ఇంకో అరగంట వదిలేసి మొదలయ్యే ఆటలే చూడండి. ఎనిమిది ప్రాంతంలో తినే బృందమైతే భోజనానికి ముందు అయిపోయే ఆట చూడండి. తప్పనిసరై రెండూ దగ్గరపడితే, టేబుల్ దగ్గర కూర్చోగానే వెయిటర్‌కి షో టైం చెప్పేయండి. వాళ్లకి ఇది రోజూ ఉండేదే, వడ్డన త్వరగా కానిచ్చేస్తారు. స్వీటు తెచ్చేటప్పుడు చెబితే లాభం లేదు.

అన్నట్టు, ఒక షో అవగానే ఇంకో షో పెట్టుకుంటే ఓడ పొడవు గుర్తుంచుకోండి. ఈ ఓడలు 360 మీటర్లకు పైగా ఉంటాయి. పెద్ద థియేటర్ ఒక కొసన, ఆక్వా థియేటర్ ఇంకో కొసన. లిఫ్టుల దగ్గర జనం, మోకాళ్ల నొప్పులున్న నాన్న, స్ట్రోలర్‌లో పిల్ల. మధ్యలో ముప్పావు గంట లేకపోతే రెండో షోని ఇంకో రోజుకి మార్చేయండి.

నాకు బుకింగ్ ఉంది, అమ్మానాన్నలకి లేదు

వాళ్లది వేరే క్యాబిన్, వేరే రిజర్వేషన్ నంబరు. మీరు బుక్ చేసినప్పుడు యాప్ మీ క్యాబిన్ వాళ్లనే చూపించింది. రిజర్వేషన్లు రెండూ లింక్ చేయించుకోండి. ట్రావెల్ ఏజెంట్ ఉంటే వాళ్లే చేస్తారు. ఆ తర్వాత బుక్ చేసేటప్పుడు అందరి పేర్లూ కనిపిస్తాయి, ఒక్కొక్క పేరు పక్కనా టిక్ పడిందో లేదో చూడండి. స్కూలుకెళ్లే పిల్లలకీ విడిగా సీటు పట్టాలి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తుంటే ఈ పని ఒక్కరికే అప్పగించండి. నలుగురు నాలుగు ఫోన్లలో చేస్తే నాలుగు వేర్వేరు రాత్రులు పడతాయి.

బుకింగ్ ఉన్నా లోపలికి రానివ్వలేదు

బుకింగ్ అంటే ఆ ఆటకి ప్రవేశం, ఫలానా సీటు అని కాదు. తలుపు దగ్గర రెండు లైన్లుంటాయి. ఒకటి బుకింగ్ ఉన్నవాళ్లది, రెండోది స్టాండ్‌బై, అంటే బుకింగ్ లేక సీటు ఖాళీ అవుతుందేమోనని ఎదురుచూసేవాళ్లది. గుమ్మం దగ్గరున్న మనిషి ఓడలో మీకిచ్చిన సీపాస్ అనే గుర్తింపు కార్డు స్కాన్ చేసి పంపిస్తారు. షోకి సుమారు 10 నిమిషాల ముందు, రానివాళ్ల సీట్లని స్టాండ్‌బై లైనుకి వదిలేస్తారు. ఆ తర్వాత వస్తే మీ బుకింగ్‌కి విలువ లేదు. కుటుంబమంతా ఒకే చోట కూర్చోవాలంటే అరగంట ముందు చేరండి.

ఇదే లెక్క సీటు దొరకనివాళ్లకి వరం. స్టాండ్‌బైలో ముందు నిలబడ్డవాళ్లకి చాలా రాత్రులు సీట్లు దొరుకుతాయి, కాకపోతే పక్కపక్కన దొరక్కపోవచ్చు.

పిల్లల్ని కామెడీ షోకి అనుమతించలేదు

రాత్రి వేళ జరిగే కామెడీ షోలు 18 ఏళ్లు నిండినవాళ్లకే. బుక్ చేసేటప్పుడు ఆ గుర్తు చూసుకోండి. మూడేళ్లు దాటి, డైపర్ మానేసిన పిల్లల్ని పిల్లల క్లబ్‌లో వదిలి వెళ్లొచ్చు. రాత్రి 10 దాకా దానికి డబ్బు కట్టక్కర్లేదు, ఆ తర్వాత గంటల చొప్పున తీసుకుంటారు.

ఇంగ్లిష్ అంతగా రాని పెద్దవాళ్లకి కామెడీ క్లబ్, పెద్ద థియేటర్ నాటకాల కన్నా ఐస్ షో, ఆక్వా షో బాగా నచ్చుతాయి. వాటికి భాష అక్కర్లేదు. అందుకే దొరికే సీట్లు తక్కువైతే ముందు ఆ రెండింటికీ వాళ్ల పేర్లు రాయండి. ఐస్ హాలు చల్లగా ఉంటుంది, శాలువా తీసుకెళ్లండి.

టైంకే వెళ్లాం, షో అప్పటికే మొదలైపోయింది

ఫోన్ గడియారం మోసం చేసి ఉంటుంది. మెక్సికోలోని కోజుమెల్ రేవులో ఏడాది పొడవునా ఒకటే టైం, వాళ్లు వేసవిలో గడియారం మార్చరు. చలికాలంలో గాల్వెస్టన్ కన్నా ఒక గంట ముందుంటుంది, వేసవిలో ఫ్లోరిడా కన్నా ఒక గంట వెనకుంటుంది. ఒడ్డున నెట్‌వర్క్ తగలగానే ఫోన్ తనంతట తానే మారిపోతుంది. షోలు మాత్రం ఓడ టైం ప్రకారమే నడుస్తాయి. ఓడెక్కగానే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆటోమేటిక్ టైం ఆపేసి, ఓడ టైం చూసి చేత్తో పెట్టుకోండి. అమ్మానాన్నల ఫోన్లలో కూడా మీరే మార్చిపెట్టండి. ఇంట్లో ఎవరి దగ్గరైనా మామూలు చేతి గడియారం ఉంటే ఓడ టైంకి సరిచేసి వాళ్ల చేతికి పెట్టండి.